నలభై ఏడో మేకు

ముత్యాలరావు గారు పంటు మీద గోదావరి దాటినప్పుడల్లా ఎక్కేవాళ్ళ తలలు లెక్కపెడతారు. అవతలి రేవులో అందరూ దిగేదాకా గట్టు మీదే నిలబడి, చూపుడువేలు ఆడిస్తూ మళ్ళీ లెక్కపెడతారు. "ఆయన గనిలో పనిచేసొచ్చేరండీ," అని భార్య సూర్యావతి తోటివాళ్ళకి సర్దిచెబుతుంది. ఎక్కడో కొండల్లో వెండి గని అది. లోపలికి దిగే ప్రతి కూలీ మేకుకున్న తన నంబరు బిళ్ళ తీసుకెళ్ళాలి, పైకొచ్చాక మళ్ళీ తగిలించాలి. ఆ మేకులకి కాపలా ఈయనే. వెండి అయిపోయి, ఎనభై ఐదులో గని మూసేసిన రోజున నలభై ఏడో మేకు ఖాళీగా ఉంది. "ఇంటికెళ్ళిపోయుంటాడులే," అని పైవాళ్ళు గనికి అడ్డంగా గోడ కట్టించేసేరు.

పదిహేనేళ్ళకి, మురమళ్ళ గుడికి వెళ్తూ ఆ నలభై ఏడో నంబరు సోములు పంటు మీద ఎదురుపడ్డాడు. ఈయన అతని భుజాలు తడిమి చూసేరు.

"బిళ్ళేదయ్యా?"

"వెండిదనుకుని మావాడి మొలతాడుకి కట్టేనండి. తిరిగి అడుగుతారేమోనని మళ్ళీ అటువైపు రాలేదండి."

ముత్యాలరావు గారు రేవు వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నారు. జనం దిగిపోతున్నా లెక్కపెట్టలేదు. అది తగరం పూసిన రేకని ఆయనకి తెలుసు.

"వెండేనయ్యా, ఉంచుకో," అన్నారు.