ట్రయల్ రూమ్ తలుపు దగ్గర మేనత్త

మా మేనత్త పోయింది. ఆదివారం తెల్లారేసరికి మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో ఆమె ఫొటో పెట్టి, ప్రభువు దగ్గర విశ్రాంతి తీసుకుంటున్నారని రాశారు. అత్త విశ్రాంతి తీసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. అక్కడికి పోయి కూడా ఎవరెవరికి అంగీ కుదరలేదో చెబుతూ ఉంటుందని నా నమ్మకం.

సమాధి ఆరాధనలో పాస్టరు గారు ఆమెను మృదుభాషి అన్నారు. చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా ఊరు ఇందుకూరుపేటలో ఆమె నోట్లో పడని ఆడమనిషి లేదు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు గానీ, మంచి మాత్రమే చెబితే అది మా అత్త కాదు, ఇంకెవరో అవుతారు.

క్రిస్మస్‌కు మా ఇంటి ఆడపిల్లలందరం నెల్లూరు పోయి బట్టలు కొనుక్కునేవాళ్ళం. కూడా అత్త ఉండాల్సిందే. ట్రయల్ రూమ్ తలుపు దగ్గర స్టూలు వేయించుకొని, ఒళ్ళో సంచి పెట్టుకొని కూర్చునేది. అద్దాన్ని నమ్మేది కాదు, అద్దం ముందు అందరూ ఊపిరి బిగబట్టుకొని నిలబడతారని ఆమె వాదన. టాప్ వేసుకొని బయటికి రాగానే, చర్చిలో స్తుతించేటప్పుడు ఎత్తినట్టు చేతులు పైకెత్తమనేది. తర్వాత చాప మీద కూర్చున్నట్టు కింద కూర్చొని లేవమనేది. చేతులతో పాటు టాప్ కూడా పైకి లేచినా, కూర్చున్నప్పుడు పొట్ట దగ్గర పట్టేసినా అది పక్కకు పోవాల్సిందే. షాపు పిల్లలు నవ్వుకునేవాళ్ళు. భుజం దగ్గర కుదిరితే మిగతాది కుట్టించుకోవచ్చు, భుజం జారినదాన్ని దేవుడు కూడా బాగుచెయ్యలేడు అనేది.

ఒకసారి మా చిన్నాన్న కూతురు ముచ్చటపడి పసుపుపచ్చ టాప్ వేసుకొని వచ్చింది. దాన్నిట్ట వేసుకొని గూడూరు మార్కెట్టుకు పోతే నిమ్మకాయల బస్తా అనుకొని లారీ ఎక్కిస్తారని అత్త అందరి ముందూ అంది. ఆ పిల్ల లోపలికి పోయి ఎంతసేపటికీ తలుపు తియ్యలేదు. అత్త బతిమాలలేదు. బట్టల గుట్టలన్నీ వెతికి ముదురాకుపచ్చది ఒకటి తలుపు మీదుగా లోపలికి విసిరింది. అది ఆ పిల్లకు ఎంత బాగా కుదిరిందంటే, రంగు వెలిసిపోయేదాకా దాన్ని వదల్లేదు. నిమ్మకాయల మాటనూ వదల్లేదు. సమాధి దగ్గర అందరం ఏడ్చాం, తను మాత్రం ఏడవలేదు. నేను తప్పుపట్టను.

నా సంగతి చెబుతాను. కొన్నేళ్ళ కిందట నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చి ఎడమవైపు తీసేశారు. వైద్యం అయిపోయింది, సెలవు కూడా అయిపోవచ్చింది. ఇంకా ఆలస్యం చేస్తే వేరే టీచరును పెట్టుకుంటామని స్కూలు వాళ్ళు మర్యాదగానే చెప్పారు. బోర్డు మీద లెక్క రాసి పిల్లల వైపు తిరగాలి కదా, ఆ తిరగడమే నాకు భయం. బంధువులంతా వదులు టాపులు, పెద్ద పెద్ద చున్నీలు తెచ్చి ఇచ్చారు. అందరూ ప్రేమగానే తెచ్చారు. వాటిని చుట్టుకొని నేను గది లోంచి బయటికి రాలేదు.

అత్త వచ్చి చూసి, ఈ డేరా ఏందని అడిగి, నన్ను నెల్లూరు బస్సు ఎక్కించింది. షాపులో అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, డబల్ ఎక్సెల్ వేసుకుంటే ఏమీ తెలియదు మేడమ్ అంది.

బిల్లు కౌంటరు దాకా వినబడేటట్టు అత్త అంది: "దీనికి ఒక రొమ్ము తీసేసినారు. తెలీకుండా దాచేది వద్దు, కుదిరేది చూపియ్యి."

పక్కన చీరలు చూస్తున్నావిడ తన కొంగు సర్దుకుంది. నాకు అక్కడే చచ్చిపోవాలనిపించింది. నువ్వు మనిషివి కాదత్తా అన్నాను. కాకపోతే పోనీలే, చెయ్యెత్తు అంది. ఎడమ చెయ్యి భుజం దాటి లేవలేదు. లేచినంత వరకు లేవనిచ్చి, మళ్ళీ గుట్టలు వెతకడంలో పడింది. చివరికి మందపాటి నూలుది, ఎడమ భుజం నుంచి ఏటవాలుగా కుచ్చులు దిగేది ఒకటి పట్టుకొచ్చింది. భుజాల దగ్గర కొలిచి కుట్టినట్టు ఉంది. ఇప్పుడు టీచరు మాదిరిగా ఉండావు అంది. తిరుగు బస్సులో ఆమె పక్కన కూర్చోలేదు.

సోమవారం అది వేసుకొని క్లాసుకు పోయాను. బోర్డు మీద రాసి తిరిగాను. లెక్క తప్పు వేశానని పిల్లలు గోల చేశారు. అంతకు మించి ఎవరూ ఏమీ చూడలేదు. ఆ రోజుకు నేను అత్తకు రుణపడి ఉన్నాను. షాపులో ఆమె అన్న మాటను మాత్రం క్షమించలేదు, ఇప్పటికీ.

నిరుడు అత్త బట్టల షాపులకు రావడం మానేసింది. మోకాళ్ళ నొప్పులంది. ఎండాకాలంలో కూడా కొంగు నిండుగా కప్పుకొని కూర్చునేది. ఊపిరి ఆడక ఆసుపత్రిలో చేర్చాక డాక్టరమ్మ కొంగు తొలగించి చూసి, ఇది ఎన్నో ఏళ్ళ నుంచి రొమ్ములో ఉన్న గడ్డ, ఊపిరితిత్తులకు పాకింది అని చెప్పింది. అంటే, నన్ను నెల్లూరు లాక్కుపోయిన నాటికే అది ఆమె చేతికి తగిలి ఉండాలి. నాకు ఒళ్ళు మండిపోయింది. నా ఒంటి సంగతి ఊరంతా వినేటట్టు చెప్పిన మనిషి, తన సంగతి నాకు కూడా చెప్పలేదు. ఎందుకు దాచావని మంచం పక్కన నిలబడి గట్టిగానే అడిగాను.

"చెప్తే మీరంతా చూస్తారు గదమే," అంది.

పోయాక స్నానం చేయించి, తెల్లచీర కట్టే పని ఇంటి ఆడవాళ్ళం చేశాం. తెల్లజాకెట్టు ఆ వాపు మీద ఎంత లాగినా హుక్కులు పడలేదు. ఎవరో వదులుది తెస్తామన్నారు, నేను ఒప్పుకోలేదు. ఇట్లాంటప్పుడు వీపు మీద కోసి తొడుగుతారని మా సంఘంలో పెద్దావిడ చెప్పి, కత్తెర నా చేతిలో పెట్టింది. మెడ నుంచి నడుము దాకా కోశాను. ముందు హుక్కులు పెట్టి, చేతులు తొడిగి, అంచులు పక్కలకు దోపాను. భుజాలు సరిగ్గా కూర్చున్నాయి.

చూడవచ్చిన ఆడవాళ్ళందరూ జాకెట్టు ఎంత బాగా కుదిరిందో అన్నారు. మూత వేసేదాకా అదే మాట. కింద, పెట్టెలో పరిచిన గుడ్డ మీద, ఆమె ఒట్టి వీపు ఆని ఉంది.