బొమ్మల క్లాసని చెప్పిన పది రోజులు

ఎండాకాలం సెలవులంటే పిల్లలకు పండగ, తల్లికి శిక్ష. తొంభైల్లో మేము రాజమండ్రిలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. మా ఆయన మిల్లులో గుమాస్తా. ఆ ఏడు పక్క వాటావాళ్లు ఊటీ వెళ్లారు. "గోదారి పక్కన పెట్టుకుని ఊటీ ఏంటి, మొహం!" అన్నాను పిల్లలతో. లోపల మాత్రం ఏడుపే.

తొమ్మిదేళ్ల కూతురు, ఆరేళ్ల కొడుకు, మా అత్తగారు, నేను, అందరికీ కలిపి ఒకే ఫ్యాను. మొదటి వారం నేనే ఇంట్లో బడి పెట్టాను. పొద్దున ఎక్కాలు, కాపీ రైటింగు. మధ్యాహ్నం పాత శుభలేఖలు కత్తిరించి బొమ్మలు అంటించడం. సాయంత్రం రేవు దాకా నడక, దారిలో కనబడిన ప్రతి బోర్డూ చదవాలి. పైసా ఖర్చు లేదు. కొడుకు గడగడా చదివేసేవాడు. కూతురి వంతు వచ్చేసరికి నాకు చిరాకెత్తేది. దానికి నత్తి. "మ... మ..." అని అది పెదాలు బిగించి నిలబడితే, "మందుల షాపు, తెలుస్తోందిగా, పద" అని నేనే పూర్తి చేసేదాన్ని.

ఏ మాట తడబడినా నేనందుకునేదాన్ని. అన్నిటికన్నా తన పేరే దానికి పలకదు. ఎవరైనా అడిగితే నేనే చెప్పేసేదాన్ని. సాయం చేస్తున్నాననే అనుకున్నాను మరి. సెలవులిచ్చేముందు స్కూల్లో టీచరు, "వచ్చే ఏడాది దీన్ని రీడింగుకి లేపకపోతే ఏమీ అనుకోకండి. మిగతా పిల్లలు నవ్వుతున్నారండి" అంది. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. ఇది జన్మంతా నోరు మూసుకునే కూర్చుంటుందా అని భయం పట్టుకుంది.

వెనక వాటాలో ఒక టీచరమ్మగారు ఉండేవారు. లూథరన్ చర్చికి వెళ్లేవారు. ఒకరోజు నూతి దగ్గర, "మా చర్చిలో పిల్లలకి వీబీఎస్, అదే సెలవుల బైబిలు బడి, పెడుతున్నామండి. పది రోజులు. పాటలు, కథలు, బొమ్మలు వేయించడం. ఫీజేం లేదండి, బిస్కెట్లు, షర్బత్తు మేమే ఇస్తాం. మీ పిల్లల్నీ పంపకూడదూ?" అన్నారు. ఫీజు లేదన్నాక నాకు ఇంకేం వినబడలేదు. మా అత్తగారితో మాత్రం "బొమ్మల క్లాసండీ" అన్నాను. ఆవిడ స్నానం చెయ్యకుండా దేవుడి గదిలోకి ఈగను కూడా రానివ్వని మనిషి. అయినా నేను ఆడింది పూర్తి అబద్ధం కాదు, బొమ్మలు నిజంగానే వేయించేవారు.

నాలుగో రోజుకి ఇంట్లో ఒక వింత. కూతురు గిన్నెలు సర్దుతూ పాడుతోంది. ఒక్క అక్షరం తడబడలేదు. అక్కడ అందరితో కలిసి బైబిలు వాక్యాలు కంఠతా అప్పజెబుతోందట కూడా. ఆఖరి రోజు స్టేజీ మీద ఒక్కతే నిలబడి ముందు తన పేరు చెప్పి, తర్వాత వాక్యం చెప్పాలట. టీచరమ్మగారే వచ్చి చెప్పారు. వద్దందామంటే, ఆడుకుంటున్నంత సరదాగా తయారవుతున్న పిల్లను చూసి నోరు రాలేదు.

మధ్యలో ఆదివారం వచ్చింది. అన్నవరంలో వ్రతం చేయిస్తామని మా అత్తగారి మొక్కు. తొలి బస్సుకే వెళ్లాం. పురోహితుడుగారు గోత్రం, పేర్లు అడిగితే, పిల్ల పేరు మామూలుగానే నేను చెప్పేశాను. కథ మొదలైంది. పిల్లలిద్దరూ ఎంత బుద్ధిగా కూర్చున్నారో! చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని. నాకు గర్వంగా కూడా అనిపించింది. మొదటి అధ్యాయం ముగించి ఆయన ఊపిరి తీసుకున్నారో లేదో, ఇద్దరూ ఒక్క గొంతుతో "ఆమేన్!" అన్నారు.

చుట్టూ పీటల మీదున్న దంపతులందరూ మా వైపు తిరిగారు. మా ఆయన చేతిలో కొబ్బరికాయ అలాగే ఉండిపోయింది. పురోహితుడుగారు నవ్వాపుకుని, "కాయ కొట్టండి బాబూ" అన్నారు. మా అత్తగారు నవ్వలేదు. మిగతా నాలుగు కథలూ నా చెవికెక్కలేదు. అన్నవరం ప్రసాదం కూడా గొంతు దిగలేదంటే నా పరిస్థితి అర్థం చేసుకోండి.

తిరుగు బస్సులో జగ్గంపేట దాటాక ఆవిడ నా వైపు తిరిగారు. అప్పుడు, "బొమ్మల క్లాసంటే ఇదా అమ్మాయ్?" అన్నారు.

"పది రోజులు ఊరికే పిల్లల్ని ఎవరు చూస్తారండీ? మీరు చూస్తారా?" అన్నాను. దొరికిపోయినప్పుడే నాకు నోరు ఎక్కువ.

"చూడమని ఎప్పుడైనా అడిగావా? నాతో అబద్ధమాడ్డానికి నేనేం పరాయిదాన్నా? రేపట్నుంచి మానిపించెయ్."

కూతురు నానమ్మ చెయ్యి పట్టుకుంది. "నానమ్మా, అ... అ..."

"అక్కడ బాగుంటుందంటోందండీ" అన్నాను.

"నువ్వాగమ్మా. దాన్ని చెప్పనీ."

పిల్ల మెడ నరాలు బిగుసుకున్నాయి. ముందు సీటావిడ వెనక్కి తిరిగి చూసింది. నేను పెదవి కొరుక్కుని కూర్చున్నాను.

"అ... అక్కడ నేను చెప్పేదాకా ఆ... ఆగుతారు, నానమ్మా."

చెంప ఛెళ్లుమన్నట్టయింది నాకు. అమ్మ ఆగదని అది అనలేదు పాపం. కిటికీ వైపు తిరిగి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక అత్తగారు, "ఆఖరి రోజు ఎన్నింటికి?" అని అడిగారు.

ఆ రోజు చర్చిలో అత్తగారూ నేనూ చివరి బెంచీలో కూర్చున్నాం. పిల్ల స్టేజీ ఎక్కింది. "నా పేరు..." అని ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ అందించలేదు. నా నోరు దానంతటదే తెరుచుకుంది. అత్తగారు నా చెయ్యి గట్టిగా గిల్లారు. నేను కళ్లు మూసుకున్నాను. ఎంతసేపు గడిచిందో తెలియదు. చివరికి పేరు మూడు ముక్కలుగా వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల తన పేరు తను చెప్పగా నేను వినడం అదే మొదటిసారి.