నా ఒక్కదాని బడి

సూర్యాపేట నుంచి పెన్‌పహాడ్ వెళ్ళే దారిలో మా ఊరు. అక్కడ నేను చదివిన ఒంటిగది బడిని ఈమధ్య మ్యూజియం చేశారు. రమ్మంటే వెళ్ళాను. వెళ్ళకపోతే బాగుండేది.

నలభైల చివరి రోజులు, నిజాం రాజ్యం. మా పంతులు మిర్యాలగూడ నుంచి వచ్చిన సాయిబు. సాబ్ అని పిలిచేవాళ్ళం. చదువంతా ఉర్దూలోనే. గది మూలన పరదా కట్టుకుని, దాని వెనకే వండుకుని తినేవాడు. మా ఇంటికీ బడికీ ఒకటే గోడ కాబట్టి, ఆడపిల్లనైనా నన్ను పంపారు.

అప్పుడే గడబిడలు ముదిరాయి. నిజాం తరఫు తుపాకులవాళ్ళు ఊళ్ళ మీద పడుతున్నారని కబురు. జనం మూటాముల్లె సర్దుకుని మునగాలకు పోసాగారు. అది నిజాం చేతిలో లేని పరగణా, అక్కడ భయం లేదని నమ్మకం. మా నాయనమ్మ మంచం దిగలేని మనిషి, అందుకని మేం కదల్లేదు. ఒక్కో ఇంటికి తాళం పడేకొద్దీ బడి ఖాళీ అయింది. చివరికి నేనొక్కదాన్నే మిగిలాను.

సాబ్ మాత్రం రోజూ హాజరు పిలిచేవాడు. పుస్తకం చూడకుండా, వరసగా అందరి పేర్లూ. ఒక్కో పేరు పిలిచి కాసేపు ఆగేవాడు. ఆ ఆగడమే నాకు భరించరానిదిగా ఉండేది. ఓసారి ఉండబట్టలేక, మా వెనకింటి పిల్లాడి పేరుకి నేనే "హాజిర్ సాబ్" అన్నాను.

ఆయన తలెత్తి చూశాడు. "నీ పేరుకే నువ్వు పలకాలె బేటీ. వాండ్లు వచ్చినంక వాండ్లే పలుకుతరు."

"రాకుంటే సాబ్?"

"నువ్వొచ్చినవ్ గద. నువ్వొస్తే బడి ఉన్నట్టే."

ఇక ఆ మాటతో జ్వరమొచ్చినా బడి మానడానికి లేకపోయింది. చిన్నపిల్ల నెత్తిన అంత బరువు పెట్టొచ్చునా? పెట్టాడు మహానుభావుడు. ఆటకు తోడెవరూ లేరని ఏడిస్తే ఆయనే కింద కూర్చుని నాతో చింతపిక్కలాడేవాడు. ఓడిపోతే నాది తొండి అని పోట్లాడేవాడు కూడా. పరదా వెనక్కి ఆయన వెళ్ళగానే గది మళ్ళీ బావురుమనేది.

యూనియన్ సైన్యం వచ్చి నిజాం రాజ్యం ఖతమైంది. ఆ సంబరంలోనే, సాయిబుల ఇళ్ళ మీదికి పోతున్నారని కూడా విన్నాం. మర్నాడు వెళ్తే బడి తలుపు తీసే ఉంది. పరదా లేదు, పొయ్యి చల్లారి ఉంది. ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు, నాకు కూడా చెప్పలేదు. పొద్దుగూకేదాకా అక్కడే కూర్చుంటే అమ్మ వచ్చి రెక్క పట్టుకుని లాక్కెళ్ళింది.

తర్వాత కొద్ది రోజులకే పిల్లలంతా మునగాల నుంచి తిరిగొచ్చారు, ఆయన పేరుపేరునా పిలిచినవాళ్ళంతా. కోదాడ నుంచి కొత్త పంతులు వచ్చి తెలుగు మొదలుపెట్టాడు. సాబ్ ఏమయ్యాడని ఒక్కరూ అడగలేదు. నాకు వాళ్ళందరి మీదా కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

ఇప్పుడా గదిలో మట్టిబొమ్మలు పెట్టారు. చాప నిండా పిల్లలు, చేతుల్లో పలకలు. కుర్చీలో పంచె, కండువాతో ఒక పంతులు. చూడగానే ఒళ్ళు మండింది.

"గీయన ఎవరయ్యా?" అన్నాను.

"అప్పటి సారు అమ్మమ్మా," అన్నాడు మ్యూజియం చూసుకునే కుర్రవాడు.

"అప్పటి సారు సాయిబు. టోపీ పెట్టేటోడు. ఊరంత పోయినా బడి మూయలే. ఆయన బొమ్మ పెట్టున్రి."

కుర్రవాడు మర్యాదస్తుడే, నవ్వలేదు. కమిటీకి చెప్పాలంటే ఒక్కరి మాట సరిపోదన్నాడు. "ఆయన గట్ల బడి నడుపుతుంటే నీతోని సూసినోళ్లు ఇంకెవరన్నా ఉన్నరా అమ్మమ్మా?"

"ఎవ్వరు లేరు బిడ్డా," అన్నాను. "అప్పుడు గూడ లేరు."