అనంతగిరి ఘాటులో పగిలిన ప్లగ్గు

అరకు చూడాలన్న కోరిక నాది కాదు, నా భార్య రాజ్యలక్ష్మిది. కిందటి శీతకాలంలో ఆమె అక్కతో కలిసి, మా తోడల్లుడి కారులో వెళ్లి నాలుగు రోజులుండి వచ్చింది. నేను వెళ్లలేదు. కాలేజీలో పరీక్ష కాగితాలు దిద్దాలన్నాను. వచ్చే ఏడు తప్పక వెళదామన్నాను. ఈ ఆషాఢంలో జ్వరం వచ్చి పదకొండో రోజున పోయింది. తెలియజేయవలసిన వాళ్లందరికీ మా తోడల్లుడే ఉత్తరాలు రాశాడు. నా చేతి మీదుగా ఒక్కటీ పోలేదు. మిగిలినది ఒక్క మనిషి: అరకులో వాళ్లు దిగిన డాకు బంగళాకు నీళ్లు మోసే బుడ్రమ్మ. ఆమెకు చదువు రాదు. ఆమె ఊరికి టపా పోదు. ఊరు ఏ కొండ మీదో నాకు తెలియదు. శుక్రవారం సంతకు మాత్రం అడ్డాకుల విస్తళ్లు తెచ్చి అమ్ముతుందని, రెండు గంటలు దాటితే ఇంటిదారి పడుతుందని నా భార్య చెప్పేది. ఆ నాలుగు రోజుల గురించి చెప్పినంత ఇష్టంగా ఆమె మరి దేని గురించీ చెప్పలేదు. రాజ్యలక్ష్మి బతికే ఉందనుకుంటున్న మనిషి లోకంలో బుడ్రమ్మ ఒక్కతే. తలచుకుంటే జాలి కలగాలి. నాకు కలిగింది అసూయ. ఈ కబురైనా నా నోటితో చెప్పాలని బయలుదేరాను.

కారు మా తోడల్లుడిదే. పాతది, నాలుగు సిలిండర్లది. డ్రైవరు సింహాచలం. కిందటేడు వాళ్లను తీసుకువెళ్లినవాడు కూడా అతనే. సంతలో బుడ్రమ్మను కలవాలని మాత్రం అతనికి చెప్పాను. ఆమె ఊరు అడిగితే తెలిసేదేమో. అడగలేదు. విజయనగరంలో శుక్రవారం తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరాము. శృంగవరపుకోట ఇరవై అయిదు మైళ్లు, రోడ్డు బాగుంది, ఏడు కాకముందే చేరాము. కాఫీ హోటలు ఉంది. ఇద్దరికీ ఇడ్డెన్లు, కాఫీ కలిపి నాలుగు అణాలు. పెట్రోలు డబ్బాలు ఇంటి దగ్గరే నింపుకోవాలి, కోట దాటితే దొరకదు. అక్కడి నుంచి అనంతగిరి ఇరవై మైళ్లు, అంతా ఎగువ. ఎడ్లబండ్ల కోసం వేసిన ఘాటు రోడ్డు. కార్లు అరుదు కాబట్టి ప్రతి మలుపులోనూ బండ్లవాళ్లు ఎడ్ల ముక్కుతాళ్లు పట్టుకుని నిలబడతారు. వాళ్లను దాటేదాకా మెల్లగా పోవాలి.

ఎనిమిది గంటలకు ఇంజను తడబడింది. సింహాచలం బండి ఆపి, చక్రాల కింద రాళ్లు పెట్టి, మూత ఎత్తాడు. చెక్కపిడి ఉన్న స్క్రూడ్రైవరు తీసి, ఇంజను నడుస్తుండగానే, సిలిండరుకొకటిగా నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గుల నెత్తిని ఒక్కొక్కటే పక్కనున్న ఇనుముతో కలిపాడు. కలిపినప్పుడు నిప్పురవ్వ పక్కదారి పట్టి ఆ సిలిండరు ఆగిపోతుంది. మొదటిదానికి, రెండోదానికి, నాలుగోదానికి ఇంజను మరింత కుంటింది. మూడోదానికి ఏ మార్పూ లేదు. పని చేయనిది అదే.

"మూడోది వొదులైపోనాదండి. గాలి కక్కుతోంది" అన్నాడు. ఆగి, చిన్నగా నవ్వాడు. "రాజ్యలక్ష్మమ్మగోరయితే నాకన్నా ముందే పట్టీసీవోరు. కోట దాటకముందే 'సింహాచలం, మూడోది బుస్సుమంటోంది' అనీవోరు."

"ఆవిడకు ఇవన్నీ ఎలా తెలుసు?"

"నానే సెప్పినానండి. ముందు సీట్లో కూకునీవోరు కదా. ఇదేటి, అదేటి అని అడగని రోజు నేదు. ఓపాలి నాలుగు ప్లగ్గులూ ఆవిడే ఇప్పి, తుడిసి, మళ్లీ బిగించీసినారు. సేతులు నల్లగయిపోతే ఒకటే నవ్వు."

నాతో ఏడేళ్లు కాపురం చేసింది. నన్ను దేని గురించీ ఇదేమిటని అడిగిన గుర్తు లేదు. అడిగితే పాఠం చెబుతాననుకుందేమో.

సింహాచలం ప్లగ్గును వేళ్లతో ఒక చుట్టు తిప్పి వదిలేశాడు. "ఏడి మీద ఇంతేనండి. సల్లారినాక పానా ఏద్దారి. ఇప్పుడు బిగిస్తే పింగాణీ పేలిపోతాది" అని చెప్పి, రేడియేటరుకు నీళ్ల కోసం డబ్బా పట్టుకుని కింద గెడ్డలోకి దిగాడు.

పానా తీసుకున్నాను. నాకు తెలియక కాదు, అప్పుడే చెప్పాడు. ఆమె చేసిన పని నేనూ చేయగలననిపించింది. పావు చుట్టు తిప్పాను. ఇంకా తిరుగుతుందనిపించి మరికొంచెం తిప్పాను. టిక్కుమంది. తెల్లటి పింగాణీ మీద వెంట్రుకంత గీత కనిపించింది.

అతను నీళ్లు తెచ్చి ప్లగ్గును చూశాడు. మసి అంటిన నా వేళ్లనూ చూశాడు. "పానా ఎక్కడెట్టినారండి?" అన్నాడు.

"ఇంకొకటి లేదా?"

"ఉన్న అదనపుదే పొద్దున్న ఏసినానండి. మూడు ప్లగ్గుల మీద ఇద్దర్ని మోసి ఎక్కదు బండి ఈ ఘాటు. నానొక్కన్నీ అయితే మెల్లగా ఎక్కుతాది. అనంతగిరిలో రోడ్ల ఓవర్‌సీరు బాబుకి మోటారుసైకిలుంది, ఆరికాడ ప్లగ్గుంటాది. నాను బండి పట్టికెల్తాను. మీరు అడ్డదోవన నడిసొచ్చీండి. నాలుగు మైళ్లు. బేగి వొచ్చీగల్రు."

నడిచాను. అడ్డదారి నిటారుగా ఉంది కాని నీడ ఉంది. బూట్లు జారుతాయి, కర్ర తప్పనిసరి. అనంతగిరి చేరేసరికి పదకొండు. బండ్లు ఆగే చోట ఒక ముసలాయన వంట చేసి పెడతాడు. కారు కనిపించలేదు.

"కారు వచ్చిందా తాతా?"

"వొచ్చినాది, ఎలిపోనాది. ఓవర్‌సీరు బాబు అరకు సంతకి ఎల్లినారని సెప్పినాను. అయితే ఆడకే పోతానని, మిమ్మల్ని ఈడే ఉండమనీసి ఎలిపోనాడు. కూకోండి బాబూ, సోడంబలి తాగుతారేటి? పట్నపోళ్లకి దిగుతాదో దిగదో."

దిగింది. రెండు ముంతల రాగి అంబలి తాగాను.

అరకు అక్కడికి పదిహేడు మైళ్లు. నడిచి సంత వేళకు చేరలేను. సింహాచలం చేరతాడు. బుడ్రమ్మ అతన్ని గుర్తుపట్టి ముందుగా అడిగేది ఎవరి గురించో నాకు తెలుసు. అతను చెబుతాడు. నాకు రాని మాటలతో, వాళ్లిద్దరి యాసలో చెబుతాడు. ఇద్దరూ ఏడుస్తారు. ఏడవడానికి వాళ్లకు ఆ నాలుగు రోజులున్నాయి. నేను ఆ రోజుల్లో లేను. ప్లగ్గు పగలగొట్టి, ఖాళీ కారు ఇచ్చి, అతన్ని నా చేతులతో నేనే ముందుగా పంపించాను. మూడు గంటలసేపు ఆ తాత పొయ్యి దగ్గర కూర్చుని ఇంకొకటి ఆలోచించలేదు.

రెండున్నరకు కారు చప్పుడు వినిపించింది. నాలుగూ పని చేస్తున్న చప్పుడు. ముందు సీట్లో ఒక పెద్దామె కూర్చుని ఉంది. ముక్కుకు మూడు పోగులు, ఒడిలో విస్తళ్ల కట్ట. దిగీ దిగగానే నా వెనక చూసింది, తాత పాక లోపలికి చూసింది.

"అమ్మ ఏదీ? ఏటి బాబూ, ఇంట్లో దాసీసినావా? కిందటేడు నిన్నొగ్గీసి వొచ్చినాదని కోపమా? అందుకే ఈపాలి నువ్వొక్కడివే వొచ్చీసినావా?" అని పెద్దగా నవ్వింది.

సింహాచలాన్ని కారు వెనక్కి పిలిచి, గొంతు తగ్గించి అడిగాను. "నువ్వు చెప్పలేదా?"

"నేదండి. మీరొచ్చీసరికి సంత ఇడిపోతాది. మళ్లీ శుక్రవారం దాకా ఆమె దొరకదు. బాబు నీతో మాటాడాలట, రా అనీసి ఎక్కించినాను. దోవంతా అమ్మ ఏది, అమ్మ ఏది అని పేణం తీసినాది. నాను నోరిప్పనేదు."

"ఎందుకని?"

"సావు కబురు ఇంటోరు సెప్పాల గానీ డ్రైవరు సెప్తాడేటండి?"

పదిహేడు మైళ్లు ఆ ప్రశ్న పక్కన కూర్చుని కారు నడిపాడు. నేను ఆమె దగ్గరకు వెళ్లాను.

"బుడ్రమ్మా, ఆమె లేదు. ఆషాఢంలో జ్వరం వచ్చి పోయింది."

ఆమె నవ్వు వెంటనే పోలేదు. మెల్లగా పోయింది. రోడ్డు మీదే చతికిలబడింది. తలెత్తి, "నీళ్లడిగినాదా?" అంది.

"అడిగింది."

"ఎవురు పోసినారు?"

"నేనే."

"నువ్వే పోసినావా" అంది. "అయితే సరే." మసి వదలని నా చేతిని తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. అటు వైపు సింహాచలం కారు మూత ఎత్తి, ఏ లోపమూ లేని ఇంజనులోకి వంగి నిలబడ్డాడు. అతని భుజాలు కదులుతున్నాయి. ఆషాఢంలో అతనికి ఎవరు చెప్పారో, ఎలా చెప్పారో నేను కనుక్కోలేదు. డాక్టరు కోసం ఇక కారు అవసరం లేదని చెప్పి ఉంటారు.

అరకుకు ఆమెను ముందు సీట్లోనే కూర్చోబెట్టి, నేను వెనక కూర్చున్నాను. వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారు. రాజ్యలక్ష్మి బంగళా అరుగు మీద కూర్చుని విస్తరి కుట్టిందట. అన్నీ కంతలేనట, చారు పోస్తే ఒళ్లోకే కారిందట. ఈ కథ నాకు చెప్పలేదు. లోయలోకి దిగేసరికి అయిదయింది. రెండు వైపులా వలిసె చేల పూలు పసుపుపచ్చగా ఉన్నాయి. రాజ్యలక్ష్మి చెప్పినట్టే ఉన్నాయి. బంగళా గదికి రోజుకు రూపాయి. వంటవాడు లేడు, బియ్యం తీసుకువెళ్లాలి. మార్గశిరం మంచి కాలం.

అసూయ పోయిందని రాయలేను. ఆ నాలుగు రోజులు వాళ్లవి, నాకు రావు. అయితే వాటిని నా దగ్గర దాచాలని వాళ్లెవరూ అనుకోలేదు. నేనే అడగలేదు. ఇంట్లో ఆమె చెప్పబోయినప్పుడు కూడా నా చేతిలో పరీక్ష కాగితాలున్నాయి.

ఈ దారిన వెళ్లేవారికి ఒక్కటి చెబుతాను. అదనపు ప్లగ్గులు రెండు ఉంచుకోండి, వదులైనది కనిపిస్తే వేడి మీద పానా వేయకండి. వేళ్లతో తిప్పి వదిలేయండి. చల్లారడానికి అరగంట పడుతుంది. ఆ అరగంట మీ డ్రైవరును మాట్లాడనివ్వండి.