అద్దం దిగిన మెట్లు

ఆయన్ని అందరూ చివరి బెంచీ సార్ అనేవారు. విశ్వవిద్యాలయాల్లో పిల్లలకు నాయకత్వం నేర్పే కోర్సులు పనికొస్తున్నాయో లేదో చూసి చెప్పడం ఆయన ఉద్యోగం. ఏ తరగతికి వెళ్లినా చివరి బెంచీలో కూర్చునేవాడు. మాట్లాడేవాళ్ల ముఖాలు కాదు, వినేవాళ్ల భుజాలు చూసేవాడు. మాట లోపలికి దిగితే భుజం తనకు తెలియకుండానే కాస్త ముందుకు వాలుతుందని ఆయన నమ్మకం.

భార్య ఆటపట్టించేది. "నాయకుల్ని తయారుచేసేవాళ్లకే మార్కులేస్తారు. గ్యాస్ బండ మార్చమంటే మాత్రం పక్కింటాయన్ని పిలుద్దామంటారు."

ఆయనా నవ్వేసేవాడు. నిజమే మరి. బుద్ధెరిగాక ఒక్క మనిషిని ఇటు రా, అటు పో అన్న పాపాన పోలేదు.

ఆ రోజు చూడాల్సిన కోర్సు కొన ఊపిరితో ఉంది. పాఠాల్లేవు, ఉపన్యాసాల్లేవు, పిల్లలచేత బరువులు మోయిస్తున్నారని పైవాళ్లకు ఫిర్యాదులు వెళ్లాయి. ఈయన బాగుందంటే ఉంటుంది, లేదంటే సాయంత్రానికి మూత. దాన్ని నడిపే మేడమ్ ఒకప్పుడు పడవ పందేలకు శిక్షణ ఇచ్చిన మనిషి.

"పరీక్షేంటండీ?" అన్నాడాయన.

"పై అంతస్తులో నాట్యం గది అద్దం ఉంది సార్. పిల్లలు దాన్ని పగలకుండా కింద హాల్లోకి దించాలి."

"అంతేనా?"

"మెట్లు చూశారా?" అని నవ్విందామె.

ఆయన వెళ్లి చూశాడు. అద్దం గోడంత ఉంది. మెట్లేమో ఇరుకు, మలుపు మలుపుకీ ఓ కిటికీ. ఆయన ఒక మలుపులో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చేతిలో మార్కుల కాగితం. మొదటి ప్రశ్న: నడిపించింది ఎవరు?

"ఒరేయ్ పొడుగోడా, నువ్వు కాస్త వంగితే మేం బతుకుతాం," అంది అద్దం పట్టుకున్న పిల్లల్లో ఓ అమ్మాయి.

"వంగితే నా నడుం ఎవరు బతికిస్తారే?"

నవ్వుల మధ్యే అద్దం కదిలింది. నడిపిస్తున్నది పొడుగోడే అనుకుని ఆయన పెన్ను తీశాడు. ఈలోగా కళ్లజోడు అమ్మాయి "కుడివైపు పైకి" అంది. పొడుగోడు కిక్కురుమనకుండా ఆమె మాట విన్నాడు. రెండడుగులు పడ్డాయో లేదో, వెనక నుంచి ఇంకెవరో మెల్లగా "ఊఁ, ఇప్పుడు" అన్నారు. ఈసారి కళ్లజోడు అమ్మాయి తలూపింది. మాట చేతులు మారుతోంది. ఎవరూ అడగడం లేదు, ఎవరూ లాక్కోవడం లేదు.

అద్దం కిటికీకి ఎదురైంది. ఉన్నట్టుండి ఆకాశం మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఇరుకు మలుపులోకి మబ్బులు వచ్చాయి. ఎక్కడో ఎగురుతున్న పిట్ట ఒకటి అద్దం ఈ చివర నుంచి ఆ చివరకు దాటిపోయింది. పిల్లల భుజాలన్నీ ఒకేసారి, ఒకే మేర ముందుకు వాలి ఉన్నాయి. ఇన్నేళ్లలో ఆయన ఎన్ని భుజాలు చూడలేదు! ఇలా అన్నీ కలిసి వాలడం ఎన్నడూ చూడలేదు. రాయడం మరిచిపోయాడు.

అప్పుడే ఎవరి కాలో జారింది. అద్దం ఆయనవైపు ఒరిగింది.

"ఆగండి! ఎడమవాళ్లు కిందికి దించండి! మిగతావాళ్లు కదలొద్దు!"

ఆ కేకకు మెట్లన్నీ మారుమోగాయి. అందరూ ఉన్నచోటే బిగుసుకుపోయారు. కాగితం కింద పడి ఉంది. ఆయన అరచేతులు రెండూ చల్లటి అద్దం మీద ఉన్నాయి. ఎదురుగా ఓ పెద్దాయన ముఖం. నోరింకా తెరిచే ఉంది.

అది తన ముఖమే. ఆ కేకా తనదే.

అద్దం కింద హాల్లోకి చేరింది, గీత పడకుండా. పొడుగోడు చెమట తుడుచుకుంటూ "సార్, ఆ గొంతు ఇన్నాళ్లూ ఎక్కడ దాచారు?" అన్నాడు.

మేడమ్ ముఖంలో మాత్రం నవ్వు లేదు. "చూడ్డానికి వచ్చినవాళ్లు చెయ్యి వేస్తే పరీక్ష చెల్లదు కదా సార్."

"చెల్లదు," అన్నాడాయన. కాగితం దులిపి, గోడకు ఆనించి రాశాడు. నేను నియమం తప్పాను. నా మార్కులు పరిగణించవద్దు. ఇంకొకరిని పంపండి, అందాకా ఈ కోర్సు ఆపవద్దు. మొదటి ప్రశ్న దగ్గర ఇలా రాశాడు: అందరూ. ఒక మలుపులో నేను.

చదివి ఆమె, "పైవాళ్ల నుంచి మీకు మాట రాదూ?" అంది.

"వస్తుంది. రానివ్వండి."

మాట వచ్చింది. పైవాళ్లు గట్టిగానే అడిగారు. కానీ ఆ సాయంత్రం కోర్సు మూతపడలేదు.

ఇంట్లో భార్య మంచినీళ్లిస్తూ, "ఏవండీ, గొంతు బొంగురుపోయిందేంటి?" అంది.

"అరిచాను."

"మీరా! ఎవరి మీద?"

"ఎవరి మీదా కాదే. కూర్చో, చెప్తాను."

కిటికీలోంచి అద్దంలోకి వచ్చి మెట్లు దిగిన ఆకాశం గురించి ఆయన మొదలుపెట్టాడు. ఆమె గ్లాసు పక్కన పెట్టింది. ఆమె భుజం కాస్త ముందుకు వాలింది.