అద్దాల తలుపుకు పరదా

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో మా వీధి తలుపుకు పైసగం అద్దాలే. యూనియన్ సైన్యం మా సంస్థానం సరిహద్దు దాటిందని రేడియోలో విన్నప్పటి నుంచి, లోపలి దీపం బయటికి కనబడకూడదని మా ఆవిడ ఒకటే గొడవ. ఈ సాయంత్రం ఆమె పాత ఆకుపచ్చ చీర చింపి, రెండు మేకులు కొట్టి, పురికొసకు గుచ్చి పరదా కట్టాను. కాస్త వంకరగా వచ్చినా నా పనితనానికి నేనే మురిసిపోయాను.

నాతోపాటు వర్క్‌షాపులో పనిచేసే ఎదురింటి ఖాదర్ భాయ్ అది చూసి గబగబా వచ్చాడు.

"ఏందన్నా, గీ పచ్చ పరదా కట్టినవ్? జల్ది తీసెయ్. ఫౌజోళ్లు చూస్తే మీరు సుత మావోళ్లే అనుకుంటరు."

"మరి మీ తలుపుకు సుత పచ్చదే ఉన్నది గదా?"

"మాది తీస్తే మాత్రం మేమెవరో తెల్వదా వాళ్లకు?"

పరదా విప్పేశాను. దీపం పెట్టుకోకుండా, మిగిలిన ఈ మునిమాపు వెలుతురులోనే ఇది రాస్తున్నాను. ఉత్త అద్దాల్లోంచి ఎదురింటి పచ్చ పరదా ఒక్కటే కనిపిస్తోంది.

ఏ రంగు కడితే రెండిళ్లూ బతుకుతాయో మీకెవరికైనా తెలిస్తే చెప్పండి. మా ఆవిడ దగ్గర పాత చీరలు ఇంకా ఉన్నాయి.