తాయిలం హోటల్లో 'చాలు' అన్న మాట

ముందే చెప్పేస్తున్నాను, నేను కాస్త పెంచి చెబుతాను. మా వీధిలో నాలుగు చినుకులు పడితే, ఆ సంగతి నా నోటి వెంట వచ్చేసరికి ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేసి ఉంటారు. మా ఆవిడ నేను చెప్పిందాన్ని సగానికి తగ్గించి, ఆ సగంలోంచి ఉప్పూ కారం తీసేసి వింటుంది. మీరూ అలాగే చదువుకోండి. అచ్చంగా కల్పించిన ముక్క ఏదో చివర్లో నేనే ఒప్పుకుంటాను. వెతుక్కునే శ్రమ మీకొద్దు.

రాజమండ్రిలో మా వీధి చివర, పంక్చర్లు వేసే కొట్టుకీ హోమియో డాక్టరుగారి ఇంటికీ మధ్య, ఒక థాయ్ రెస్టారెంటు వెలిసింది. బోర్డు మీద పేరు ఎంత పొడుగంటే, చివరి అక్షరం దాకా చదివేసరికి మొదటి అక్షరం ఎండకి వెలిసిపోయేది. ఎవరికీ నోరు తిరగలేదు. థాయ్ హోటలు కాస్తా తాయి హోటలై, వారం తిరిగేసరికి తాయిలం హోటలై కూర్చుంది. తాయిలం అన్నారు కదా, జీళ్లో పప్పుండలో ఉంటాయని పిల్లలు పరిగెత్తుకొచ్చారు. గుమ్మంలో ఎండుచేపల వాసన తగిలి అంతే వేగంగా వెనక్కి పరిగెత్తారు. అది చేపల నుంచి తీసిన ఒక రసం, సీసాలో వస్తుంది, వాళ్ల వంటకి మన ఇంగువలాంటిది. ఆ సీసా మూత తీసిన పూట ఉప్పాడ తీరంలో పిల్లులన్నీ పెట్టేబేడా సర్దుకున్నాయి.

హోటలాయన పరాయివాడేం కాదు. అమలాపురం అవతల కొబ్బరితోటల్లో పుట్టిన మనిషి. కుర్రతనంలో బ్యాంకాక్ వెళ్లి, అక్కడొక పెద్ద హోటల్లో వంటా వడ్డనా నేర్చుకుని, నలభై దాటాక తిరిగొచ్చాడు. అన్నేళ్లూ భార్య ఇక్కడే ఉండి కూతుర్ని పెంచింది. ఈ హోటలు పెట్టిందీ ఆవిడ దగ్గర ఉండిపోదామనే. నడిస్తే ఉంటాడు. నడవకపోతే పాత హోటలువాళ్లు పిలుస్తూనే ఉన్నారు, మళ్లీ విమానం ఎక్కడమే. ఇది మా వీధిలో అందరికీ తెలుసు, ఎందుకంటే హోమియో డాక్టరుగారికి తెలుసు.

నిమ్మగడ్డీ, అల్లానికి పెదనాన్న కొడుకులా కనిపించే ఇంకేదో దుంపా కడియం నర్సరీలో మొక్కలుగా కొనుక్కొచ్చి హోటలు పెరట్లో పెంచాడు. కొబ్బరిపాలు ఎలాగూ పుట్టింటి సరుకు. రుచికి వంక పెట్టడానికి లేదు. అయినా రెండు నెలలయ్యేసరికి బల్లలు ఖాళీ అయిపోయాయి. ఎందుకో నాకు తెలుసు. ఆ కారణాన్ని ఆటో ఎక్కించి అక్కడికి తీసుకెళ్లింది నేనే. కారణం మా బావగారు.

బావగారంటే మా అక్క భర్త. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో చేసి రిటైరై, అక్కడే ఉంటున్నారు. డెల్టా కాలవలన్నిటికీ నీళ్లు వదిలిన మనిషి, తన విస్తట్లోకి మాత్రం ఏదీ ఊరికే వదలనిచ్చేవారు కాదు. మా గోదావరి జిల్లాల్లో పెద్దమనిషి భోజనానికి ఒక పద్ధతుంది. వడ్డించేవాడు గరిటె ఎత్తగానే 'చాలు చాలు' అనాలి. అవతలివాడు విననట్టు వెయ్యాలి. అప్పుడు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాలి. వాడు వేళ్ల సందుల్లోంచి వెయ్యాలి. 'అయ్యయ్యో, ఇదంతా ఎవరు తింటారయ్యా' అని విసుక్కుంటూ మొత్తం తినాలి. నోరు తెరిచి అడగడం తప్పు. అడగలేదు కదా అని పెట్టకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. ఈ విద్యలో మా బావగారు ఎంతటివారంటే, ఆయన వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోయగలిగినవాణ్ణే పెళ్లి వడ్డనలకి మేస్త్రీగా ఒప్పుకునేవారు.

ఆ రోజు బావగారూ, నేనూ, మా ఆవిడా వెళ్లి కూర్చున్నాం. హోటలాయన రెండు చేతులూ జోడించి, తల వంచి ఎదురొచ్చాడు. అక్కడి మర్యాద. మర్యాదలో మనం తగ్గడమేమిటని బావగారు లేచి ఇంకాస్త వంగారు. పెద్దాయన వంగాడని అతను మరికాస్త వంగాడు. ఇద్దరూ బల్ల మట్టానికి చేరుకుంటుంటే మా ఆవిడ మంచినీళ్ల గ్లాసులు పక్కకి జరిపింది.

మొదట పచ్చి బొప్పాయి కోరు వచ్చింది. తాలింపు పెట్టడం మర్చిపోయినట్టున్నారని బావగారు నా చెవిలో గొణిగి, గొణుగుతూనే ఖాళీ చేశారు. తర్వాత అన్నం, ఆకుపచ్చ రంగు కూర. హోటలాయనే స్వయంగా ఒక గరిటె అన్నం పెట్టి, ఒక గరిటె కూర పోశాడు. బావగారు ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. అలా మూసుకోవడం నేను అన్నవరం ప్రసాదం దగ్గర తప్ప ఎక్కడా చూడలేదు. అది గమనించి అతను రెండో గరిటె ఎత్తాడు. బావగారు అలవాటుగా ప్లేటుకి చెయ్యి అడ్డం పెట్టి, "చాలు చాలు" అన్నారు.

అతను ఆగిపోయాడు. మరొక్కసారి తల వంచి, కూరగిన్నె పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

బావగారి చెయ్యి ప్లేటు మీద అలాగే ఉండిపోయింది. ఉప్పెన వస్తుందని గట్టు పోసుకుంటే సముద్రమే ఊరొదిలి వెళ్లిపోయినట్టయింది. బయటికొచ్చి మా ఇంటివైపు నడిచారు. దారిలో ఒక్కటే అన్నారు. "వండటం తెలుసయ్యా. పెట్టడం తెలీదు."

మా ఇంటికొచ్చి ఆవకాయ అన్నానికి కూర్చున్నారు. మా జాడీ అడుగు ఏ రంగులో ఉంటుందో ఆ మధ్యాహ్నమే మాకు తెలిసింది.

ఇంటికెళ్లి బావగారు ధవళేశ్వరంలో వదిలిన మాట నీళ్లలాగే కాలవల వెంట పారింది. రాజమండ్రిలో 'మళ్లీ వెయ్యరట'గా ఉన్నది, వేమగిరి దగ్గర 'కొలిచి పెడతారట' అయి, రావులపాలెం చేరేసరికి 'తింటుండగా ప్లేటు లాక్కుంటారట' అయింది. ఎంత వద్దన్నా పెంచి చెప్పేవాళ్లు ఉంటారు కదా.

చూస్తూ ఊరుకోలేక ఒకరోజు వెళ్లి హోటలాయనకి సంగతి విడమరిచి చెప్పాను. ఆయన భార్య పక్కనే కత్తిపీట ముందు కూర్చుని నిమ్మగడ్డి తరుగుతోంది.

"ఆయన చాలన్నారు కదండీ," అన్నాడు. "చాలన్నాక ఎలా వేస్తామండీ? అక్కడ అలా చేస్తే ఉద్యోగంలోంచి తీసేస్తారు."

"ఇక్కడ అలా చెయ్యకపోతే హోటలే ఎత్తేయాల్సొస్తుందండి," అన్నాను.

మీరూ ఈ గడ్డ మీద పుట్టినవారే కదా, ఇది మర్చిపోయేదా అని అడిగాను. దానికి ఆయన భార్య కత్తిపీట మీంచి తల ఎత్తకుండానే అంది.

"ఈయనకి ముందునుంచీ అంతేనండి. బ్యాంకాక్ ఉద్యోగం వచ్చినప్పుడు, వెళ్లమంటావా అని నన్నడిగారు. వెళ్లండి, పర్లేదు అన్నాను. నిజంగానే వెళ్లిపోయారండి."

ఆ మాటకి చేపల రసం సీసా కూడా వాసన ఆపేసింది.

మర్నాటి నుంచి గరిటె ఆవిడ చేతికి వెళ్లింది. బావగారిని మళ్లీ రప్పించడం నా వంతుకొచ్చింది. మొదటిసారి పిలిస్తే రానన్నారు. రెండోసారి ఒంట్లో నలతగా ఉందన్నారు. మూడోసారి కూడా "ఇప్పుడెందుకులేవయ్యా" అన్నారుగానీ, ఆ మాట ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చెప్పులేసుకుని, వీధి గుమ్మంలో నిలబడి ఫోనులో అన్నారని మా అక్క తర్వాత చెప్పింది.

ఈసారి వడ్డన ఆవిడది. బావగారు ఒక గరిటె కాగానే చాలన్నారు.

"చాలంటే ఎలాగండీ బాబాయిగారూ, ఇంకా మొదలెట్టందే," అంది ఆవిడ.

బావగారు చెయ్యి అడ్డం పెట్టారు. ఆవిడ వేళ్ల సందుల్లోంచి కూర పోసింది. రెండో చెయ్యి కూడా పెట్టారు. రెండు చేతుల మధ్యనుంచి అన్నం పెట్టింది. మణికట్ల దాకా ఆకుపచ్చగా తేలారు మా బావగారు. ఆ పూటతో కోనసీమలో కొబ్బరిచెట్లు రెండడుగులు పొట్టివైపోయాయి. చివర్లో మామిడిపండు ముక్కలతో తీపన్నం వచ్చింది, దాన్ని కూడా 'అయ్యయ్యో' అంటూనే పూర్తి చేశారు.

అప్పుడు హోటలాయన వచ్చి, చేతులు జోడించి, ఎలా ఉందని అడిగాడు. బావగారు మూతి తుడుచుకుని "పర్లేదు" అన్నారు.

అతని మొహం పాలిపోయింది. భార్య మెల్లిగా చెప్పింది. "పర్లేదంటే చాలా బాగుందనండి."

అతను బావగారిని చూడాల్సింది పోయి ఆవిడ వంక చూస్తూ ఉండిపోయాడు. ఎన్నేళ్ల క్రితమో విన్న మాటకి ఇప్పుడు అర్థం దొరికినట్టుంది.

ఆ తర్వాత బల్లలు మెల్లమెల్లగా నిండాయి. అతనూ కొసరి వడ్డించడం నేర్చుకున్నాడు, కొత్తలో కాస్త శ్రుతి మించినా. కడియంలో మొక్కలు కొనడానికొచ్చిన ఉత్తరాది వ్యాపారి ఒకాయన తన భాషలో నిజంగానే చాలంటుంటే వినకుండా పెట్టి, కుర్చీలోంచి లేవలేని స్థితికి తెచ్చాడు. మొక్కలతోపాటు ఆయన్నీ లారీలోకి ఎక్కించారని నేను చెబుతుంటాను.

ఇంకోరోజు మేం తింటుండగా అతనికి ఫోన్ వచ్చింది. బ్యాంకాక్ నుంచి. ఫోను చెవి దగ్గర్నుంచి తీసి, మళ్లీ పిలుస్తున్నారు, పెద్ద వంటవాడి హోదా ఇస్తారట, ఏమంటావని భార్యని అడిగాడు.

బిల్లు రాస్తున్న ఆవిడ తల ఎత్తలేదు. "వెళ్లండి, పర్లేదు," అంది.

బావగారి చేతిలో ముద్ద నోటి దగ్గరే ఆగింది. అతను ఫోనులో వాళ్ల భాషలో ఒక పొట్టి మాట చెప్పి పెట్టేశాడు. ఆ భాష నాకు రాదుగానీ, 'చాలు' అన్నట్టుగా వినిపించింది. వెళ్లి గరిటె తీసుకొచ్చి, ఎవరూ ఏమీ అనకముందే బావగారి ప్లేట్లో అన్నం పెట్టాడు. ఆవిడ ఇంకా బిల్లు వంకే చూస్తోంది, రాయడం మాత్రం ఆగిపోయింది.

ఇక ఒప్పందం ప్రకారం, కల్పించింది. పిల్లుల్నీ కొబ్బరిచెట్లనీ లెక్కలోకి తీసుకోకండి, అవి కల్పన కాదు, నా ఉచ్చారణ. అచ్చంగా కల్పించింది ఒక్కటే. రెండోసారి వెళ్లినప్పుడు బావగారు 'చాలు' అనలేదు, చెయ్యి అడ్డం పెట్టలేదు. మొదటి గరిటె అవగానే, గిన్నె మళ్లీ వెళ్లిపోతుందేమోనన్న భయంతో రెండు చేతులా ప్లేటు ఎత్తి పట్టుకుని, "ఇంకొంచెం వెయ్యమ్మా" అని అడిగారు. నోరు తెరిచి అడిగారు. ఆ ముక్క ఉన్నదున్నట్టు రాస్తే గోదావరికి ఇటూ అటూ ఒక్కరూ నమ్మరని ఆయన చేత చెయ్యి అడ్డం పెట్టించాను. మా ఆవిడ పక్కనే ఉండి విన్నది. సగానికి తగ్గిద్దామని చూసింది గానీ, తగ్గించడానికి అందులో ఏమీ దొరకలేదు.